పక్కనున్న మనిషి పని

ఒక ఇంట్లో ఇల్లాలికి క్యాన్సర్ అని తేలిందనుకోండి. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రానికే కబురు చుట్టాలందరికీ పాకుతుంది. ఫోన్లు మొదలవుతాయి. వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. కొబ్బరిబోండాలు, యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసాలు బల్లమీద పేరుకుంటాయి. వచ్చినవాళ్ళు రోగితో అనే మాట ఒకటే, "ధైర్యంగా ఉండు." వెళుతూ వెళుతూ ఆమె భర్తను గుమ్మం బయటకు పిలిచి చెప్పే మాటా ఒకటే, "నువ్వే ధైర్యం చెప్పాలి బాబూ." ఈ మాటలో తప్పేమీ లేదు. కానీ మొగుడూ పెళ్ళాల్లో ఒకరికి క్యాన్సర్ వస్తే రెండోవాళ్ళు చేయగలిగిన సాయంలో ధైర్యం చెప్పడం చాలా చిన్న భాగం. అసలు పని వేరే ఉంది. చూడటం. అడగటం. రాసిపెట్టుకోవటం. వేళకి డాక్టరుకి చెప్పటం. ఇది వైద్యానికి అవతల చేసే ఉపకారం కాదు, వైద్యంలో భాగమే. ఈ కాసేపూ ఆ సంగతే మీతో మాట్లాడతాను.

ముందు ఒక చిన్న లెక్క. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందుల్లో చాలావాటిని మూడు వారాలకోసారి ఎక్కిస్తారు. అంటే ఇరవై ఒక్క రోజులకోసారి. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి, రక్తపరీక్ష చూపించుకుని, మందు ఎక్కించుకుని, చాలామంది సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. ఆ రోజు డాక్టరుగారు రోగితో మాట్లాడేది ఎంతసేపు? పెద్దాసుపత్రుల్లో ఓపీ దగ్గర నిలబడినవాళ్ళకి తెలుసు. ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. మిగతా ఇరవై రోజులూ ఆమె ఎక్కడుంటుంది? ఇంట్లో. వాంతులయ్యేది ఇంట్లో. నోరు పూసేది ఇంట్లో. నడిరాత్రి జ్వరం వచ్చేది ఇంట్లో. ఇరవై ఒక్క రోజుల్లో డాక్టరు చూసేది ఒక్కరోజు. తక్కిన ఇరవై రోజులూ చూసేది మీరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అనే పేరున్న క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ ముదిరిన క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న ఏడు వందల మందికి పైగా రోగులతో ఒక పరిశీలన చేశారు. ఫలితాలు 2017లో బయటికొచ్చాయి. సగానికి పైగా మందికి ఒక ఏర్పాటు చేశారు. నొప్పి, వాంతి, ఆయాసం, నీరసం, ఆకలి, ఇలాంటి పన్నెండు బాధల గురించి వాళ్ళు ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. బాధ ముదిరిందంటే నర్సుకి కబురు వెళుతుంది. నర్సు ఫోన్ చేసి కనుక్కుంటుంది, మందు మార్పిస్తుంది, అవసరమైతే రమ్మంటుంది. మిగతావాళ్ళకి మామూలు పద్ధతే. డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు చెప్పుకోవటం. రెండు గుంపులకీ అదే ఆసుపత్రి, అదే రకం వైద్యం. తేడా ఒక్కటే, బాధ వచ్చినప్పుడు వచ్చినట్టు చెప్పటం. చివరికి తేలిందేమిటంటే, అలా చెప్పినవాళ్ళు చెప్పనివాళ్ళకన్నా సగటున ఐదు నెలలు ఎక్కువ బతికారు. ఐదు నెలలండీ. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. బాధ చిన్నగా ఉన్నప్పుడే చెప్పారు, చిన్నగా ఉన్నప్పుడే పట్టుకున్నారు, కీమో మధ్యలో ఆగిపోకుండా ఎక్కువకాలం సాగింది. అంతే.

"అది అమెరికా. అక్కడ నర్సు ఫోన్ చేస్తుంది. మాకెవరు చేస్తారు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాదులో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, విశాఖ దగ్గర హోమీ భాభా ఆసుపత్రికి గానీ జిల్లాల నుంచి వచ్చే జనాన్ని చూస్తే, ప్రతి ఇంటికీ ఫోన్ చేసి కనుక్కోమని ఏ నర్సునీ అడగలేం. అందుకే ఇక్కడ ఆ పని ఇంట్లోవాళ్ళ మీద ఇంకా ఎక్కువగా పడుతుంది. పైగా మన ఇళ్ళల్లో ఇంకో చిక్కుంది. మన ఆడవాళ్ళు బాధ చెప్పరు. "కాస్త నలతగా ఉంది, అంతేనండీ" అంటారు. ఆ "అంతే" వెనక రెండు రోజుల విరేచనాలు ఉండొచ్చు. ఎందుకు చెప్పరు? ఖర్చవుతుందని. ఆయన ఇప్పటికే సెలవులు పెట్టి పెట్టి అలిసిపోయాడని. పిల్లలకి పరీక్షలని. మగవాళ్ళు మాత్రం తక్కువా? నొప్పిని పళ్ళబిగువున భరించటమే మగతనం అనుకునేవాళ్ళు ఎంతమంది లేరు! అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. జబ్బు ఉన్న ఇంట్లో అడగనిదే రోగి కూడా చెప్పదు. కాబట్టి అడగాలి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబొస్తుంది. అలా కాదు. "పొద్దుటినుంచి ఎన్నిసార్లు వెళ్ళావు? ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావు? నొప్పి పదికి ఎంతుంది?" ఇలా అడగాలి. జవాబు ఒక పుస్తకంలో రాయాలి. పిల్లలు వాడి వదిలేసిన నోట్సు చాలు. పైన తేదీ, కింద కీమో ఎక్కించి ఎన్నోరోజో. ఎంత తింది, ఎంత నిద్రపోయింది, కొత్తగా ఏ బాధొచ్చింది. ఎవరో చుట్టం తెచ్చిచ్చిన పసరు తాగితే అదీ రాయాలి, దాచకూడదు. ఆ పుస్తకం తీసుకుని వెళితే ఆ ఐదు నిమిషాలు పావుగంటతో సమానం.

చూడటం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. పాక్లిటాక్సెల్ అని ఒక మందు ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి, అండాశయ క్యాన్సర్‌కి బాగా వాడతారు. దానితో కొందరికి వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. నరాలు దెబ్బతింటున్నాయన్నమాట. అది మొదట ఎలా బయటపడుతుంది? ఆమె జాకెట్టు హుక్కు పెట్టుకోవటానికి అయిదు నిమిషాలు పడుతుంది. చీరకి పిన్ను గుచ్చబోతే చేతిలోంచి జారిపోతుంది. గ్లాసు కింద పడుతుంది. "ఏమిటే ఈ పరాకు" అని విసుక్కుంటే ఆ సంగతి అక్కడితో మూసుకుపోతుంది. అదే మనసుపెట్టి చూసి, "మూడు రోజులనుంచి హుక్కులు పెట్టుకోలేకపోతోంది డాక్టరుగారూ" అని చెబితే, మోతాదు తగ్గించటమో మందు మార్చటమో ఆలోచిస్తారు. చెప్పకుండా మరో రెండు మూడు విడతల కీమో గడిస్తే ఆ తిమ్మిరి కొందరికి శాశ్వతంగా మిగిలిపోతుంది. హుక్కు పెట్టుకోలేకపోవటం ఏ స్కానింగులోనూ కనపడదు. ఏ రక్తపరీక్షలోనూ తేలదు. ఒకే గదిలో ఉండే మనిషికి మాత్రమే కనపడుతుంది.

ఇక జ్వరం. దీని గురించి నిదానంగా చెబుతాను, దయచేసి వినండి. కీమో ఎక్కించిన వారం తర్వాత, అంటే సుమారు ఏడోరోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. ఆసుపత్రుల్లో "కౌంట్లు పడిపోయాయి" అంటారు చూశారా, అదే ఇది. సూక్ష్మక్రిములతో పోరాడేవి ఆ కణాలే. అవి లేనప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. థర్మామీటరు నూటికి పైన, 100.4 డిగ్రీలు చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. యాంటీబయాటిక్ మొదటి డోసు గంటలోపు పడాలని వైద్యులు నియమం పెట్టుకున్నారంటే ఎంత తొందరో ఊహించండి. మనం చేసే పొరపాటు ఏమిటి? డోలో బిళ్ళ వేసి పడుకోబెడతాం. బిళ్ళతో ఒళ్ళు చల్లబడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరుని అడక్కుండా జ్వరం బిళ్ళ వేయకండి. మళ్ళీ చెబుతున్నాను, కీమో నడుస్తున్న మనిషికి జ్వరం వస్తే ముందు బిళ్ళ కాదు, ముందు ఆసుపత్రి. మీ ఆసుపత్రి దూరమైతే దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్ళండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకి మొట్టమొదట చెప్పాల్సిన మాట, "కీమో నడుస్తోంది, ఫలానా తారీఖున ఎక్కించారు." ఫైలు చేతిలో ఉండాలి. ఈ పని ధైర్యవచనాలతో జరగదు. రాత్రి రెండింటికి లేచి ఆటో పిలిచే మనిషితో జరుగుతుంది.

ఇప్పుడు పెద్ద ఆక్షేపణకి వద్దాం. "ఎన్ని మందులిచ్చినా మనోధైర్యమే కదండీ మనిషిని బతికించేది? మనసు గట్టిగా ఉంటే క్యాన్సర్ పారిపోతుంది" అంటారు. సినిమాల్లో చూపిస్తారు, వాట్సాప్‌లో వస్తుంది, పెద్దవాళ్ళు చెబుతారు. కానీ దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. తల, మెడ భాగాల్లో క్యాన్సర్ వచ్చిన వెయ్యిమందికి పైగా రోగుల మానసిక స్థితిని ముందే అడిగి రాసుకుని, తర్వాత ఎవరు ఎంతకాలం బతికారో లెక్కగట్టారు. 2007లో ప్రచురించారు. ఉల్లాసంగా ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బతకలేదు. దిగులుగా ఉన్నవాళ్ళు ముందుగా పోలేదు. మనసుకీ ఆయుష్షుకీ వాళ్ళకి సంబంధమే కనపడలేదు. ఇది నిరాశ కలిగించే మాటలా వినిపించొచ్చు. నాకైతే ఊరటనిచ్చే మాటలా అనిపిస్తుంది. ఎందుకంటే, ధైర్యం వల్లే జబ్బు తగ్గుతుందని నమ్మితే, జబ్బు తిరగబెట్టినప్పుడు దానికి బాధ్యులెవరు? రోగే! "నేను సరిగ్గా ధైర్యంగా లేను, అందుకే తిరగబెట్టింది" అని కుమిలిపోతుంది. క్యాన్సర్ ఒకటి చాలదని ఈ నేరం కూడా ఆమె నెత్తిన వేయటం అన్యాయం. ఏడుపొస్తే ఏడవనివ్వండి. భయం వేస్తోందని అంటే "ఛ, అలా అనకు" అని నోరు మూయకండి. "నాకూ భయంగానే ఉంది" అనొచ్చు. అది అబద్ధం కాదు కదా. ధైర్యం వద్దని నేననటం లేదు. ప్రశాంతంగా ఉంటే రోజులు తేలిగ్గా గడుస్తాయి, నిద్ర పడుతుంది, అది తక్కువ సంగతేమీ కాదు. కానీ "నీకేం కాదులే" అనే మాట పదేపదే అంటే రోగికి ఒకటే అర్థమవుతుంది, ఈ మనిషికి నా బాధ వినే ఓపిక లేదని. ఆ తర్వాత ఆమె నొప్పి గురించీ చెప్పదు, జ్వరం గురించీ చెప్పదు. మనం అడిగి రాసుకోవాల్సినవన్నీ ఆ గొంతులోనే ఆగిపోతాయి.

దీన్ని ఆనుకుని ఇంకొకటుంది. "ఆమెకి క్యాన్సర్ అని చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు." ఈ మాట వినని క్యాన్సర్ డాక్టరు మన రాష్ట్రాల్లో ఉండరు. ప్రేమతో అనేదే, కాదనను. కానీ ఆలోచించండి. ఆసుపత్రి గేటు మీదే క్యాన్సర్ అని రాసి ఉంటుంది. వరండా నిండా జుట్టు ఊడి తలకి గుడ్డ కట్టుకున్నవాళ్ళు కూర్చుని ఉంటారు. పక్క కుర్చీలో ఆవిడ "నీకు ఎన్నో కీమో అమ్మా?" అని అడుగుతుంది. ఆమెకి తెలుస్తుంది. తెలిసిందని మీకు తెలియకూడదని ఆమె నటిస్తుంది. ఆమెకి తెలియదని మీరు నటిస్తారు. ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు, జీవితంలోకెల్లా పెద్ద విషయాన్ని మాట్లాడుకోకుండా నెలలు గడుపుతారు. పైగా తనకి ఎక్కిస్తున్నది ఏమిటో తెలియని మనిషి, ఏ బాధ ప్రమాదమో ఎలా గుర్తుపడుతుంది? వేళకి ఎలా చెబుతుంది? న్యాయం కూడా రోగి పక్షానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగలిగిన వయోజనురాలి శరీరం మీద జరిగే వైద్యానికి ఆమె సమ్మతే కావాలి, కన్నతల్లి సమ్మతి కూడా దానికి బదులు కాదు. సమ్మతించాలంటే ముందు సంగతి తెలియాలి కదా. అయితే అంతా ఒక్కసారే గుమ్మరించమని కాదు. "రిపోర్టులో ఏముందో నీకు వివరంగా తెలుసుకోవాలనుందా, లేక నన్ను చూసుకోమంటావా?" అని ఆమెనే అడగండి. వద్దంటే అది ఆమె ఇష్టం. ఆమె వద్దనటం వేరు, ఆమె తరపున మనం వద్దనటం వేరు.

మగ శ్రోతలకి కాస్త ఇబ్బందిగా ఉండే మాట ఒకటి చెప్పాలి. అమెరికాలో ఏడు లక్షలమందికి పైగా క్యాన్సర్ రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. పెళ్ళయి తోడున్నవాళ్ళకి జబ్బు ముందే బయటపడుతోంది, వైద్యం పూర్తిగా అందుతోంది, మరణాలూ తక్కువగా ఉన్నాయి. తోడు ఉండటం ఎంత మేలో తెలుస్తోంది కదా. కానీ అందులోనే ఇంకో ముక్క ఉంది. ఆ మేలు ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకి ఎక్కువ! అంటే భార్య పక్కన ఉంటే భర్తకి కలిగినంత లాభం, భర్త పక్కన ఉంటే భార్యకి కలగటం లేదు. 2009లో వచ్చిన మరో అమెరికన్ అధ్యయనం ఇంకా కటువుగా ఉంది. మెదడులో గడ్డలు, ఇతర క్యాన్సర్ల వంటి తీవ్రమైన జబ్బులొచ్చిన ఐదువందల మంది పైచిలుకు దంపతుల కాపురాలు గమనించారు. జబ్బు భర్తకి వచ్చినప్పుడు విడిపోయినవి నూటికి మూడు. జబ్బు భార్యకి వచ్చినప్పుడు విడిపోయినవి నూటికి ఇరవై ఒకటి. ఇది కొద్దిమంది లెక్కే, నార్వేలో జరిగిన పెద్ద పరిశీలనలో క్యాన్సర్ వల్ల విడాకులు మొత్తంమీద పెద్దగా పెరగలేదని తేలింది. కాబట్టి మగజాతి మొత్తాన్నీ బోనులో నిలబెట్టనక్కర్లేదు. "మన దగ్గర అలా ఎవరు వదిలేస్తారండీ?" అని మీరు అనొచ్చు. విడాకులివ్వరు, నిజమే. పుట్టింటికి పంపుతారు. "వాళ్ళ అమ్మ దగ్గరైతే బాగా చూసుకుంటుంది" అంటారు. అరవై దాటిన తల్లి, బస్సులు మారుతూ కూతుర్ని కీమోకి తీసుకెళుతూ ఉంటుంది. అల్లుడుగారు నెలకోసారి పళ్ళు పట్టుకుని వచ్చి ధైర్యం చెప్పి వెళతారు. ఆమే కోరి వెళితే సరే. కానీ చాలా ఇళ్ళల్లో అసలు కారణం వేరు, భార్య మంచాన పడితే ఆ ఇంట్లో అన్నం వండే చెయ్యి ఇంకొకటి లేకపోవటం.

కాబట్టి వంట నేర్చుకోవాలి. నేను నవ్వులాటకి అనటం లేదు. కీమో నడిచేటప్పుడు తిండి కూడా మందు లాంటిదే. బరువు తగ్గిపోతే మందు తట్టుకోలేరు. నాలుక రుచి మారిపోతుంది, కొందరికి నీళ్ళు కూడా ఇనుము రుచి తగులుతాయి. పోపు వాసనకే వాంతి వస్తుంది. అందుకని ఆమెని వంటింటికి దూరంగా కూర్చోబెట్టి, వేడివేడిగా కాకుండా చల్లారాక పెట్టాలి, చల్లారితే వాసన తగ్గుతుంది. నోరు పూసినప్పుడు కారం, చింతపండు పులుసు నిప్పులా తగులుతాయి. మెత్తగా కలిపిన పెరుగన్నం, పలచని పప్పు, ఉడికించిన గుడ్డు, ఇవి దిగుతాయి. మూడుపూటలా కంచం నిండా పెట్టి తినమని బతిమాలటం కన్నా, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు నయం. ఇక పథ్యం. చుట్టాల్లో ఒకరు గుడ్డు వద్దంటారు, ఒకరు పాలు వద్దంటారు, చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని మరొకరు. అందరి మాటా వింటే ఆమెకి మిగిలేది గంజి. అడ్డంగా నిలబడి, "డాక్టరుగారు అన్నీ తినమన్నారు" అని మర్యాదగా చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాలి. ఆ మనిషి భర్త అయితే అత్తగారు కూడా ఎదురు చెప్పరు! షుగరు జబ్బు లాంటివి ఉంటే మాత్రం తిండి సంగతి డాక్టరునే అడగాలి.

ఇంకొక విషయం, నలుగురిలో మాట్లాడుకోనిది. రొమ్ము తీసేసిన తర్వాత, జుట్టు ఊడిన తర్వాత, చాలామంది ఆడవాళ్ళు భర్త ముందు చీర మార్చుకోవటం మానేస్తారు. భర్త కూడా ఆమెకి నొప్పి కలుగుతుందేమోనని వేరే గదిలో పడుకుంటాడు. అతను జాగ్రత్త అనుకుంటాడు, ఆమె అసహ్యం అనుకుంటుంది. కొన్ని ఇళ్ళల్లో కంచం, గ్లాసు కూడా వేరు చేసేస్తారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. తాకితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు. బయటినుంచి ఇచ్చే రేడియేషన్, మనవాళ్ళు కరెంటు పెట్టించటం అంటారే, అది అయిపోగానే ఒంట్లో ఏమీ మిగలదు. ఆమె పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. కీమో ఎక్కించిన మొదటి రెండు రోజులు మాత్రం వాంతి, మలమూత్రాలు శుభ్రం చేసేటప్పుడు చేతికి గ్లవుజులు వేసుకుంటే చాలు. వైద్యం నడిచినన్నాళ్ళూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. పిల్లలు కావాలనుకునే చిన్నవయసు వాళ్ళు కీమో మొదలుకాకముందే ఆ మాట డాక్టరుతో చెప్పాలి. సిగ్గుపడి తర్వాత అడుగుదామనుకుంటే చాలాసార్లు ఆ తర్వాత అనేది ఉండదు.

"ఇవన్నీ ఉద్యోగం ఉన్నవాడికి, సెలవు దొరికేవాడికి. రోజు కూలికి వెళ్ళేవాడు ఇంట్లో కూర్చుంటే పొయ్యి ఎలా వెలుగుతుంది?" ఇదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న. దీన్ని ప్రేమతో దాటేయలేం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ వచ్చినా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్యాన్సర్ ఆపరేషన్లకీ కీమోకీ రేడియేషన్‌కీ ఆసరాగా ఉంది. ఆసుపత్రిలో దాని కౌంటరు దగ్గరికి మొదటిరోజే వెళ్ళండి. క్యాన్సర్ వైద్యానికి వెళ్ళే రోగికీ, వెంట వెళ్ళే ఒక మనిషికీ రైలు టికెట్‌లో రాయితీ ఉంది, ఆసుపత్రి వాళ్ళు ఇచ్చే సర్టిఫికెట్ చాలు. కానీ పోయిన కూలి వీటితో తిరిగి రాదు. అందుకని ఇరవై ఒక్క రోజులూ ఇంట్లో ఉండమని నేను చెప్పటం లేదు. ఏ రోజులు గట్టివో తెలుసుకోండి. మందు ఎక్కించిన మొదటి రెండు మూడు రోజులు, ఆపైన కౌంట్లు పడిపోయే ఆ వారం. ఆ రోజుల్లో రాత్రిళ్ళయినా ఇంట్లో ఉండండి. మిగతా రోజులకి మనుషుల్ని అడగండి. "ఏదైనా కావాలంటే చెప్పు" అని ప్రతివాళ్ళూ అంటారు. మొహమాటపడకండి. "గురువారం పిల్లల్ని బడినుంచి తీసుకురా తమ్ముడూ", "రేపు మధ్యాహ్నం రెండింటికి ఒకసారి జ్వరం చూసి నాకు ఫోన్ చెయ్యి వదినా" అని పని పేరుపెట్టి చెప్పండి. ఇలా పంచుకోవటం స్వార్థం కాదు. భార్యనో భర్తనో చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్న ముసలివాళ్ళని అమెరికాలో నాలుగేళ్ళు గమనించి 1999లో ఒక నివేదిక ఇచ్చారు. అలాంటి భారం లేని వాళ్ళతో పోలిస్తే వీళ్ళకి చావు ముప్పు అరవై శాతానికి పైగా ఎక్కువ. రోగికన్నా ముందు చూసుకునేవాళ్ళే పడిపోతే ఆ ఇల్లు ఏమవుతుంది? మీ బీపీ బిళ్ళ మీరు వేసుకోండి. నిద్రపోండి. దిగులు పోవటానికని సీసా దగ్గరికి మాత్రం వెళ్ళకండి, రాత్రి జ్వరమొస్తే తీసుకెళ్ళాల్సింది మీరు.

అన్ని జబ్బులూ నయం కావు. "ఇంక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని అనిపించుకున్న కుటుంబాలూ ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు. జబ్బుకి చేసేది లేకపోవచ్చు, బాధకి చేసేది ఎప్పుడూ ఉంటుంది. నొప్పి తగ్గించి, ఆయాసం తగ్గించి, మనిషిని మనిషిలా ఉంచే వైద్యం వేరే ఉంది. పాలియేటివ్ కేర్ అంటారు. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. అది ఆఖరి ఘడియల్లో అడిగేది కూడా కాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకి మామూలు వైద్యంతో పాటు మొదటినుంచీ దీన్ని కూడా ఇస్తే, వాళ్ళు హాయిగా ఉండటమే కాదు, రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారని 2010లో అమెరికాలో తేల్చారు. నొప్పి ఎక్కువైతే మార్ఫిన్ బిళ్ళలున్నాయి. ఒకప్పుడు మత్తుమందుల చట్టం ఆంక్షల వల్ల అవి దొరకటం గగనమయ్యేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. "మార్ఫిన్‌కి అలవాటు పడిపోతుందేమో" అని భర్తలు భయపడి, డాక్టరు రాసిచ్చిన బిళ్ళను దాచేసి, మరీ అరిచినప్పుడే ఇస్తూ ఉంటారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన కొలతలో వేసుకునే మనిషి వ్యసనపరురాలు కావటం బహు అరుదు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే గడియారం చూసి ఇవ్వాలి. దాంతో మలబద్ధకం చేస్తుంది, దానికి మందు కూడా అడిగి తెచ్చుకోవాలి. ఇక్కడ కూడా పని అదే. అడగటం, రాయటం, చెప్పటం. పదికి ఎనిమిదున్న నొప్పి నాలుగుకి దిగిందా లేదా అన్నది డాక్టరుకి మీరు చెబితేనే తెలుస్తుంది.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఇప్పుడు ఎవరికైనా కీమో నడుస్తుంటే, రేడియో కట్టేశాక ఒక్క పని చేయండి. ఇంట్లో థర్మామీటరు ఉందో లేదో చూడండి. లేకపోతే రేపు పొద్దున్నే మందుల షాపులో కొనండి. రాత్రిపూట ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిన నెంబరు కనుక్కుని, ఇంట్లో అందరికీ కనపడేలా గోడమీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.